పాట రాని మాస్టారి సంగీతం క్లాసు

"నాకు పాట రాదండీ. పిల్లలకేం నేర్పుతాను?"

ప్రాథమిక పాఠశాల టీచర్ల దగ్గర సంగీతం మాటెత్తగానే వచ్చే మొదటి జవాబు ఇదే. అందులో వినయం కొంత, భయం కొంత. ఈ అధ్యాయం ఆ భయం పోగొట్టడానికే.

ముందు ఒక లెక్క చూద్దాం. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్ ప్రకారం 6 నుంచి 8 తరగతులున్న బడిలో పిల్లలు వంద దాటితే కళలకు ఒక పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలి. 1 నుంచి 5 తరగతుల దగ్గర ఆ ఊసే లేదు. అరవై మంది దాకా పిల్లలుంటే ఇద్దరు టీచర్లు, అంతే. తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు, మధ్యాహ్న భోజనం, రిజిస్టర్లు, ఫోన్‌లో ఫొటోలు ఎక్కించడం, అన్నీ ఆ ఇద్దరే. శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో సముద్రం ఒడ్డునున్న భావనపాడు లాంటి ఊళ్లో సంగీతం మాస్టారు ఎప్పుడో వస్తాడని కూర్చుంటే, ఈలోగా ఒకటో తరగతి పిల్ల హైస్కూలుకు వెళ్లిపోతుంది. కాబట్టి ఆ మాస్టారు మీరే.

కంగారు పడకండి. ఈ వయసు పిల్లలకు మీ గొంతుతో పెద్దగా పని లేదు. కావలసింది మీ చెవి, రోజుకో పది నిమిషాలు, ఎవరినీ నవ్వులపాలు చెయ్యని వాతావరణం. పాడటం కన్నా ముందు వినడం నేర్పండి. వినడం వచ్చిన పిల్లకు పాట దాని వెనకే వస్తుంది. అధ్యాయమంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఊరి పాటల లెక్క రాసుకోండి

ఏమీ కొనకముందు ఒక నోటుపుస్తకం తీయండి. మీ ఊళ్లో ఇప్పటికే ఉన్న సంగీతం ఏమిటో రాసుకోండి.

ఒడ్డున పెద్దవల లాగడం ఎప్పుడైనా నిలబడి చూశారా? రెండు తాళ్లు, తాడుకో వరస మనుషులు. ఒకరు కేక అందిస్తారు, మిగతావాళ్లంతా బదులిస్తారు. లాగుడు పడేది ఆ బదులు మీదే. ఒక్కరు ముందో వెనకో లాగినా బలం వృథా. ఒడ్డున ఆడుకునే ఏడేళ్ల పిల్లవాడికి కూడా ఏ అక్షరం మీద లాగాలో తెలుసు. సంగీతం పుస్తకాల్లో లయ అని రాసేది దీన్నే. మీ తరగతిలోని మత్స్యకారుల పిల్లలు లయ ముందే నేర్చుకుని బడికి వస్తున్నారు. వాళ్లకు తెలిసిందేమిటో వాళ్లకు చూపించడమే మీ పని.

పిల్లల్ని ఒక ప్రశ్న అడగండి: "మీ ఇంట్లో ఎవరు పాడతారు? ఏ పని చేస్తూ?"

"మా తాత పాడతాడు మాస్టారూ, వల బాగుచేస్తన్నపుడు."

"మా మామ్మ పాడతాది, చెల్లి ఏడిస్తే."

జోలపాట, నాట్ల పాట, అమ్మవారి పండగలో మోగే డప్పు, ఛాతీకి తప్పెట కట్టుకుని గంతులేసే తప్పెటగుళ్లు, జముకుల కథ, బస్సులో వినే సినిమా పాట, అన్నీ రాయండి. నాన్న గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీద పనికి వెళ్లిన ఇళ్లు ఈ తీరంలో చాలా ఉన్నాయి. ఆ నాన్న ఫోన్‌లో పంపిన పాట కూడా లెక్కలోకే వస్తుంది.

మూడు గళ్లు గీయండి. ఎవరు పాడతారు, ఏ పనిలో పాడతారు, మాటలు చిన్నపిల్లలకు తగినవేనా? మూడో గడి తప్పనిసరి. జానపదంలో పెద్దల సరసాలూ ఉంటాయి. తగినవి ఏరుకున్నాక యాసను మాత్రం దిద్దకండి. పాటలో "ఏటి" అని ఉంటే "ఏమిటి" అని మార్చకండి. తన ఇంటి మాట బడిలో పాటయి వినిపించిన రోజున ఆ పిల్ల వెన్ను నిటారవుతుంది.

ఇది నా సొంత సిద్ధాంతమేమీ కాదు. హంగేరీ సంగీతకారుడు జోల్తాన్ కోదాయ్ (1882–1967) జీవితమంతా ఇదే వాదించాడు. పిల్లల తొలి సంగీతం వాళ్ల మాతృభాషలోని జానపదమే కావాలని, అది కొందరికే కాక అందరికీ అందాలని. 1950లో ఆయన పుట్టిన ఊరు కెచ్‌కెమేత్‌లో అలాంటి పాటల ప్రాథమిక పాఠశాల మొదలైంది. ఆ పద్ధతి తర్వాత చాలా దేశాలకు పాకింది.

చేతులతో మొదలుపెట్టండి

గొంతంటే సిగ్గుపడే టీచర్‌కూ సిగ్గుపడే పిల్లకూ చప్పట్లు సులువు. అందుకే మొదటి రెండు వారాలూ పాటే వద్దు.

ఊళ్ల పేర్లతో ఒక ఆట ఉంది. నియమం ఒక్కటే: అక్షరానికి ఒక చప్పట. దీర్ఘమైనా పొట్టిదైనా అంతే నిడివి.

టెక్కలి: మూడు. తకిట.
మూలపేట: నాలుగు. తకధిమి.
భావనపాడు: అయిదు. తకతకిట.
టెక్కలి, మూలపేట కలిపి అంటే ఏడు. తకిట తకధిమి.
మూలపేట, భావనపాడు కలిపి అంటే తొమ్మిది. తకధిమి తకతకిట.

చూశారా? తిశ్రం, చతురశ్రం, ఖండం, మిశ్రం, సంకీర్ణం. కర్ణాటక సంగీతంలో తాళానికి ఆధారమైన అయిదు జాతులూ మీ మండలం బస్సు రూట్లోనే ఉన్నాయి. ఆ పేర్లు పిల్లలకు ఇప్పుడే చెప్పక్కర్లేదు. ఊళ్ల పేర్లు చాలు.

రెండో వారంలో ఆది తాళం చూపించండి. అరచేత్తో తొడ మీద ఒక దెబ్బ, తర్వాత చిటికెన వేలు, ఉంగరపు వేలు, మధ్య వేలు. మళ్లీ దెబ్బ, విసురు. దెబ్బ, విసురు. మొత్తం ఎనిమిది. వేళ్లు కుదిరాక ఆ ఎనిమిదిలో ఊళ్లను కూర్చోబెట్టమనండి.

మూడో తరగతి అనుకోండి. "మూలపేట మూలపేట" అని అందరూ సులువుగా పట్టేస్తారు. నాలుగూ నాలుగూ ఎనిమిది. ఇంకేమైనా పడుతుందా అని అడిగి ఊరుకోండి. తొందరపడి జవాబు చెప్పకండి. కాసేపు వేళ్ల మీద లెక్కలు, గుసగుసలు. ఒకరు "భావనపాడు భావనపాడు" అని మొదలుపెట్టి తాళం దాటి బయటపడతారు. అందరూ నవ్వుతారు. అప్పుడు వెనక బల్ల నుంచి ఎవరో లేస్తారు: "మాస్టారూ, టెక్కలి భావనపాడు! ఇదీ ఎనిమిదే!" మూడూ అయిదూ ఎనిమిది. తరగతిని రెండు జట్లు చెయ్యండి. ఒక జట్టు మూలపేట మూలపేట, రెండో జట్టు టెక్కలి భావనపాడు, ఒకే తాళంలో, ఒకేసారి. మొదటి దెబ్బ దగ్గర ఇద్దరూ కలుసుకుంటే చాలు. ఎదుటి జట్టు వినిపిస్తున్నా తన లెక్క తప్పకుండా నిలబడటం సంగీతంలో పెద్ద విద్య. ఎనిమిదేళ్ల పిల్ల దాన్ని ఆటలో నేర్చుకుంటుంది. కూడికలు కొసరు.

హాజరు పట్టీ పాడండి

రోజూ హాజరు ఎలాగూ పిలుస్తారు. దాన్నే రెండు స్వరాల్లో పిలవండి. పై నుంచి కిందికి, పంచమం నుంచి గాంధారానికి. స్వరాల పేర్లు గుర్తులేకపోయినా పరవాలేదు. వీధిలో పిల్లలు ఒకరినొకరు సాగదీసి పిలుచుకునే పిలుపు లాంటిదే ఇది. మీరు పేరు పాడితే పిల్ల అదే వరసలో "వచ్చాను మాస్టారూ" అని పాడాలి. అదనంగా ఒక్క నిమిషం పట్టదు, నెల తిరిగేసరికి ప్రతి పిల్లా ప్రతి రోజూ ఒంటరిగా పాడి ఉంటుంది. ఒంటరిగా పాడటమంటే భయం ఇలాగే పోతుంది, స్టేజీ ఎక్కించి కాదు.

స్వరం పైకెళ్తే చెయ్యి పైకి, కిందికెళ్తే కిందికి చూపించండి. 19వ శతాబ్దపు ఇంగ్లండులో జాన్ కర్వెన్ స్వరానికో చేతి గుర్తు పెట్టాడు. కోదాయ్ పద్ధతి వాటినే తీసుకుంది. మనకు గుర్తులన్నీ అక్కర్లేదు. చెయ్యి ఎత్తు చాలు. వినపడనిది కనపడుతుంది.

రెండు స్వరాలు నిలిచాక మూడు, తర్వాత అయిదు. అప్పుడు సరళీ స్వరాలకు పరుగెత్తాలనిపిస్తుంది. పురందరదాసు ఏర్పరిచాడని చెప్పే ఆ పాఠాలు మాయామాళవగౌళలో మొదలవుతాయి. గురువు ఎదురుగా కూర్చుని ఒక్కొక్కరినీ దిద్దే చోట అది గొప్ప పునాది. కానీ అందులో షడ్జమానికి ఆనుకునే రిషభం ఉంటుంది. నలభై మంది ఒకేసారి ఆ చిన్న ఎడాన్ని పట్టడం కష్టం. గది నిండా పిల్లలున్నప్పుడు మోహన రాగంలో వచ్చే అయిదు స్వరాలు, స రి గ ప ద, మేలు. పక్కపక్క స్వరాల మధ్య ఎడం ఎక్కువ, తప్పినా చెవికి గుచ్చుకోదు.

"గట్టిగా" అనే మాట మానేయండి

ఉదయం అసెంబ్లీలో మనం ఎక్కువగా వాడే మాట "గట్టిగా పాడండి". అలల హోరులో కేకలు వేసి అలవాటైన పిల్లలు గట్టిగా అంటే అరుస్తారు. మెడ నరాలు ఉబ్బుతాయి, శ్రుతి పోతుంది, చలికాలం వచ్చేసరికి సగం మంది గొంతులు బొంగురు. దాని బదులు ఈ నియమం పెట్టండి: పాడుతున్నప్పుడు నీ పక్కవాడి గొంతు నీకు వినపడాలి. వినపడకపోతే నువ్వు అరుస్తున్నట్టు. ఈ ఒక్క మాటతో అసెంబ్లీ వారంలో మారిపోతుంది.

శ్రుతి ఎక్కడ పెట్టాలన్నది రెండో సంగతి. మగ టీచరు తన గొంతుకు హాయిగా ఉన్నచోట ఎత్తుకుంటే అది పిల్లల గొంతుకు ఒక స్థాయి కింద ఉంటుంది. కొందరు పిల్లలు తమంతట తాము పై స్థాయిలో అందుకుంటారు. కొందరు మాస్టారి గొంతునే అనుకరించబోయి కింద గొణుగుతారు. ఆ రెండో రకం పిల్లల్ని మనం "పాట రానివాళ్లు" అని లెక్క రాసేస్తాం. తప్పు శ్రుతిది, పిల్లది కాదు. కాబట్టి పాట ఎత్తుకోవడం శ్రుతి తప్పని ఒక పిల్లకు అప్పగించండి. వారానికో పిల్ల మారాలి. ఫోన్‌లో తంబురా యాప్ ఉంటే హార్మోనియం మధ్య స్థాయిలో 1 లేదా 2 శ్రుతి పెట్టండి. అక్కడి నుంచి పంచమం, ధైవతం దాకా చిన్నపిల్లలు కష్టపడకుండా పాడగలరు.

జాతీయ గీతంతో ఒక పరీక్ష చెయ్యవచ్చు. పూర్తి గీతానికి నిర్దేశించిన నిడివి సుమారు 52 సెకన్లు. ఒకరోజు ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూడండి. నిమిషం దాటిపోతుంటే సాగదీస్తున్నారు. చివర్లో గొంతులు చిరిగిపోతుంటే మొదలే ఎత్తులో పెట్టారు, ఎందుకంటే ఆ గీతం ముగింపులో పై షడ్జమం దాకా వెళ్తుంది. మర్నాడు కాస్త కింద మొదలుపెట్టండి.

"నువ్వు పెదాలు ఆడించు చాలు"

ఆగస్టు 15 దగ్గరపడ్డాక రిహార్సల్లో ఈ మాట వినపడుతుంది. చెప్పినవాళ్లు మరుక్షణం మరిచిపోతారు. విన్న పిల్ల నలభై ఏళ్లొచ్చాక కూడా "నాకు పాట రాదండీ" అంటుంది. ఈ అధ్యాయం మొదటి వాక్యం ఎక్కడ పుట్టిందో ఇప్పుడు తెలిసింది కదా.

స్వరం కలవని పిల్లకు సాధారణంగా ఉండే ఇబ్బంది ఒక్కటే: మాట్లాడే గొంతు నుంచి పాడే గొంతులోకి ఎలా వెళ్లాలో ఇంకా దొరకలేదు. ఇలా చెయ్యండి.

ఒకటి, అల ఆట. నోరు మూసి "మ్..." అంటూ కింద నుంచి పైకి, పై నుంచి కిందికి జారమనండి. అల లేచి విరిగినట్టు చేత్తో చూపించండి. గొంతు పైకి వెళ్లగలదని పిల్లకు అప్పుడే తెలుస్తుంది.

రెండు, మీరే పిల్ల దగ్గరికి వెళ్లండి. తను ఏ స్వరం ఇస్తే ఆ స్వరం మీరు అందుకోండి. కలిసినప్పుడు "ఇదిగో, ఇద్దరం ఒక్కటయ్యాం, విన్నావా?" అనండి. అక్కడి నుంచి అర మెట్టు పైకి తీసుకెళ్లండి.

మూడు, బాగా పాడే ఇద్దరి మధ్య కూర్చోబెట్టండి. ఎందుకు కూర్చోబెట్టారో పైకి చెప్పకండి.

నాలుగోది మరువకూడదు. వెనక నుంచి పిలిస్తే తిరగని పిల్ల, ఎప్పుడూ మీ పెదాల వైపే చూసే పిల్ల ఉంటే చెవి పరీక్ష చేయించండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద బడికి వచ్చే వైద్య బృందానికి ఆ పేరు ముందే రాసి ఉంచండి. సంగీతం క్లాసులో దొరికే చెవి సమస్యలు చదువు క్లాసులో అల్లరిగా, మొద్దుతనంగా లెక్కకొస్తాయి.

ఒక పాట, అయిదు రోజులు

సోమవారం పిల్లలు పాడరు, వింటారు. మీరు పాడండి, లేదా పాడించిన రికార్డింగ్ పెట్టండి, లేదా ఆ పాట తెలిసిన మామ్మను పిలవండి. రెండుసార్లు వినిపించి ప్రశ్నలు వెయ్యండి. ఒకే మాట ఎన్నిసార్లు వచ్చింది? ఎక్కడ పైకి వెళ్లింది? ఎక్కడ ఊపిరి తీసుకున్నారు?

మంగళవారం మాటలు మాత్రమే, చప్పట్లతో. రాగం లేదు. మాట అర్థం కాకపోతే ఇప్పుడే చెప్పండి.

బుధవారం ఒక్కొక్క ముక్క. మీరు ఒక ముక్క, వాళ్లు అదే ముక్క. వాళ్లు పాడేటప్పుడు మీరు పాడకండి. మీరూ కలిస్తే వాళ్ల తప్పు మీకు వినపడదు.

గురువారం వల లాగినట్టు పాడండి: ఒక జట్టు ఎత్తుకుంటే ఒక జట్టు అందుకోవాలి. మధ్యలో మీరు చెయ్యి దించితే పాట నోట్లో ఆగి మనసులో నడవాలి. చెయ్యి ఎత్తగానే అందరూ ఒకే అక్షరం మీద బయటికి రావాలి. పిల్లలు దీన్ని మళ్లీ మళ్లీ అడుగుతారు.

శుక్రవారం పాట పిల్లలది. నెమ్మదిగా, వేగంగా, గుసగుసగా, కొత్త చరణం కట్టి, వాళ్లకు తోచినట్టు.

పది నిమిషాల్లో రెండు నిమిషాలు చేతులు, రెండు నిమిషాలు పాత పాట, అయిదు నిమిషాలు కొత్తది, చివరి నిమిషం మౌనం. ఆ మౌనంలో కళ్లు మూసుకుని వినపడే శబ్దాలు లెక్కపెట్టాలి: కాకి, బోటు ఇంజను, వంటగదిలో గరిటె, అలలు. వారానికో గంటకన్నా రోజుకు పది నిమిషాలు ఎక్కువ ఫలమిస్తాయి. చెవికి కావలసింది రోజూ తగలడం.

వాయిద్యాలు, అతిథి

కొబ్బరి చిప్పలు రెండు. సీసాలో కొన్ని గవ్వలు. డబ్బాలో చింతగింజలు. గాజు సీసాల్లో వేరువేరు ఎత్తుల్లో నీళ్లు పోసి చెంచాతో తడితే స్వరాలు: నీళ్లు పెరిగినకొద్దీ స్వరం దిగుతుంది. ఖర్చు లేదు. ఒక్క జాగ్రత్త: "ఆపు" సైగకు అందరూ ఆగడం వచ్చేదాకా ఎవరి చేతికీ ఏమీ ఇవ్వకండి. లేకపోతే పక్క క్లాసు టీచరు తలుపు దగ్గర నిలబడతారు.

ఏడాదికి ఒకరిద్దరు కళాకారుల్ని బడికి పిలవండి. తప్పెటగుళ్ల కళాకారుడో, జముకు వాయించే ఆయనో, సన్నాయి ఊదే తాతో. దారి ఖర్చులూ చిన్న సంభావనా ఇవ్వండి. ప్రదర్శన పది నిమిషాలు చాలు, మిగతా సమయం పిల్లలు వాయిద్యం ముట్టుకోవాలి, ప్రశ్నలు అడగాలి. "నెమ్మదిగా ఒక్కసారి వాయించండి బాబూ" అని మీరే అడగండి. పిల్లలు ఆ వరస చప్పట్లతో తిరిగి ఇవ్వగలిగితే ఆయన మొహం చూడండి.

ముందుకు వెళ్లే పిల్ల

నలభై మందిలో ఒకరికి సంగీతం ప్రాణమవుతుంది. ఆ పిల్లకు దారి చూపడం కూడా మీ పనే. నౌపడలో రైలెక్కితే విజయనగరం దూరమేమీ కాదు. అక్కడి సంగీత కళాశాలను 1919లో మహారాజా విజయరామ గజపతిరాజు నెలకొల్పారు. చూపులేని ఒక కుర్రాడు సంగీతం నేర్చుకోవాలని ఆరాటపడటమే దానికి మూలమని చెబుతారు. తొలి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు. చూపు మందగించిన ద్వారం వెంకటస్వామి నాయుడు ఆ ఏడే అక్కడ వయొలిన్ ఆచార్యుడై, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన ఘంటసాల వారాలు చేసుకుంటూ, మధుకరం ఎత్తి కడుపు నింపుకుంటూ అక్కడ చదివారు. పట్రాయని సీతారామశాస్త్రి ఆయన్ని చేరదీశారు. పి. సుశీల చదివిందీ అక్కడే.

ఈ పేర్లు పిల్లలకు చెప్పండి, కానీ ఆశగా మాత్రమే, కొలతగా కాదు. కళాశాల ఎంత గొప్పదైనా తన చెవిని తాను గుర్తించిన పిల్లనే చేర్చుకోగలదు. ఆరేళ్లప్పుడు ఆ చెవిని గుర్తించాల్సింది ఊరి బడి. మిగతా ముప్ఫై తొమ్మిది మంది చెవులు కూడా అంతే విలువైనవి. వాళ్లే రేపటి శ్రోతలు, తల్లులు, తండ్రులు, పడవ మీద పాట అందుకునేవాళ్లు.

అడ్డుపడే మాటలు

"సిలబస్ కాలేదు." హాజరు, అసెంబ్లీ ఎలాగూ ఉన్నాయి, సగం పని అక్కడే అయిపోతుంది. పైగా 2020 జాతీయ విద్యావిధానం పాఠ్యాంశాలకూ కళలకూ మధ్య గోడలు వద్దని రాసింది. అడిగినవారికి ఆ మాట చూపించండి.

"పాటలు పాడించి చదువు చెడగొడుతున్నారు." ఇలా అన్న తండ్రిని ఒకరోజు క్లాసుకు పిలవండి. తన కొడుకు టెక్కలి భావనపాడును ఎనిమిదిలో కూర్చోబెట్టడం చూస్తే వాదన అక్కర్లేదు.

"వార్షికోత్సవానికి ఏదైనా తయారుచెయ్యండి." ఇక్కడ జాగ్రత్త. నెల రోజులపాటు ఎనిమిది మందితో సినిమా పాటకు డ్యాన్సు నేర్పి, మిగతా బడినంతా ప్రేక్షకుల్ని చేస్తే సంగీతం ఆ నెలంతా ఆగిపోయినట్టే. స్పీకర్లు ఆపి, బడి మొత్తం కలిసి రెండు ఊరి పాటలు పాడమనండి. పెదాలు మాత్రమే ఆడించే పిల్ల ఒక్కరూ ఉండకూడదు.

ఈ వారం చేయాల్సినవి

1. ఊరి పాటల లెక్క మొదలుపెట్టండి. కనీసం అయిదు పాటలు, పాడేవారి పేర్లతో.
2. మీ బడి చుట్టూ ఉన్న ఊళ్ల పేర్లు అక్షరాల లెక్కన విడదీసి బోర్డు మీద రాయండి.
3. ఒకరోజు హాజరు రెండు స్వరాల్లో పిలవండి. సిగ్గేస్తే తలుపు వేసుకోండి.
4. "గట్టిగా" అన్నప్పుడల్లా నోటుపుస్తకంలో ఒక గీత గీయండి. వచ్చే వారం గీతలు తగ్గాలి.
5. తరగతిలో ఇప్పటిదాకా ఒంటరిగా పాడగా మీరు వినని పిల్లల పేర్లు రాయండి. మీ మొదటి విద్యార్థులు వాళ్లే.

అయిదో జాబితా చివర మీ పేరు కూడా రాసుకోండి. పిల్లలతో పాటు మీరూ నేర్చుకుంటున్నారని వాళ్లకు తెలియనివ్వండి. తప్పు పాడి మళ్లీ సరిచేసుకునే టీచరును చూసిన తరగతిలో తప్పు పాడటానికి ఎవరూ భయపడరు.